పదకొండు కొలతలు

వీలునామా

అరవై తొమ్మిదేళ్ల వయసు గల నేను, పెళ్ళి చేసుకోనిదాన్ని, ముప్పై ఎనిమిదేళ్ల క్రితం పరదేశంలో ప్రభువు పనికి వెళ్ళినదాన్ని, ఈ రోజు ఉదయం పదిన్నరకి నా తమ్ముడి టైలరు షాపులో బట్టలు కత్తిరించే బల్ల దగ్గర కూర్చుని, పూర్తి తెలివితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాసుకుంటున్న వీలునామా ఇది. నా అసలు పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు దీనికి జతచేసిన మిషన్ ఫారం మొదటి పేజీలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం అందరూ పిలిచినట్టే పానా అక్క అని రాసుకుంటాను. చక్రాల కుర్చీలకి నట్లు బిగించే పని కాబట్టి ఎప్పుడు చూసినా చేతిలో పానా ఉండేది. ఆ పేరే స్థిరపడింది.

నా మతి స్థిమితం గురించి ఎవరికీ అనుమానం అక్కర్లేదు. ఎముకల డాక్టరు గారు నిన్ననే సర్టిఫికెట్ ఇచ్చారు. "నడుము కింద ఏమీ పనిచేయడం లేదు, నడుము పైన అవసరానికి మించి పనిచేస్తోంది" అని నోటితో అన్నారు గానీ కాగితం మీద మర్యాదగానే రాశారు. ఇంత హుషారుగా ఉన్న మనిషి రాస్తే వీలునామా చెల్లుతుందా అని లాయరు గారిని అడిగాను. "ఏడుస్తూ రాయాలని చట్టంలో ఎక్కడా లేదమ్మా, రాసేయండి" అన్నారు. ఎల్లుండి పొద్దున నా విమానం! రెండేళ్ల తర్వాత మళ్ళీ నా పనికి వెళ్తున్నాను! ఆ తొందరలోనే ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించాలి.

మిషన్ వాళ్ళకి ఒక నియమం ఉంది. పరదేశం వెళ్ళే ప్రతివాళ్ళూ బయల్దేరే ముందు వీలునామా రాసి ఇవ్వాలి, లేకపోతే టికెట్ చేతికి రాదు. ముప్పై ఒకటో ఏట నేను మొదటిది రాశాను. అప్పుడు నా ఆస్తి ఒక ట్రంకుపెట్టె, మూడు జతల బట్టలు, ఒక గొడుగు. ఆ గొడుగు ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేక ఒక పూటంతా కూర్చున్నాను. ఇది ఆరోది. ఈసారి తేల్చాల్సింది గొడుగు సంగతి కాదు. అక్కడ మా కుర్చీల షెడ్డు నా తర్వాత ఎవరిదవుతుంది అన్నది. అది ఈ కాగితంలో సరిగ్గా రాయకపోతే పంతొమ్మిది మంది రోడ్డున పడతారు. చదివేవాళ్ళు నా వేళాకోళాలు దాటేసినా ఫరవాలేదు, ఐదో అంశం మాత్రం రెండుసార్లు చదవాలి.

1. ఇంతకు ముందు నేను రాసిన ఐదు వీలునామాలనూ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. గొడుగు ఎప్పుడో పోయింది. మిషన్ ఫారంలో నాలుగో పేరా ముందే అచ్చువేసి ఉంది, "మిగిలిన నా స్థిరచరాస్తులన్నియు మిషన్‌కు చెందవలెను" అని. దాన్ని స్కేలు పెట్టి కొట్టేసి పక్కన సంతకం చేశాను. చెయ్యి జారి గీత పడిందని రేపు ఎవరూ అనకుండా రెండు గీతలు కొట్టాను.

2. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత నా తమ్ముడికీ, నా మరదలికీ కలిపి అప్పగిస్తున్నాను. తమ్ముడు ఒక్కడికే ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు, ఎందుకో ఐదో అంశంలో తెలుస్తుంది. మరదలు అలా కాదు. కరెంటు బిల్లు అయినా రెండు వైపులా తిప్పి చదివి, "ఇదేంటి, ఇక్కడ ఇలా ఉందేంటి?" అని అడిగితే గానీ పక్కన పెట్టదు. ముప్పై ఏళ్ళుగా ఆ గుణం చూసి విసుక్కున్నాను. ఇప్పుడు ఆ విసుగంతా వెనక్కి తీసుకుంటున్నాను వదినా అనాలనిపిస్తోంది, చిన్నదానివైనా.

3. అమ్మ బైబిలు తమ్ముడికి. అమ్మ మంచం పట్టిన సంగతి వాడు నాకు చెప్పలేదు. అంతా అయిపోయాక, "చెప్తే పని వదిలేసి వచ్చేస్తావని అమ్మే వద్దందక్కా" అన్నాడు. పంతొమ్మిదేళ్ళు ఆ మాట మనసులో పెట్టుకుని వాడితో ముభావంగా ఉన్నాను. ఉత్తరాల్లో ఎండావానా తప్ప ఇంకేమీ రాసేదాన్ని కాదు. ఈ రెండేళ్ళూ వాడే నన్ను ఎత్తి పడుకోబెట్టాడు, వాడే రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని వచ్చి పక్కకి తిప్పాడు. షాపులో కస్టమర్లు నిలబడి ఉన్నా సరే, "ఇప్పుడే వస్తా" అని టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకొచ్చేవాడు. ఇక ఆ కోపం పెట్టుకోవడానికి నా దగ్గర చోటు లేదు తమ్ముడూ. అమ్మ పెన్సిలుతో గీతలు గీసిన చోట్లు ఉన్నాయి, అవి చదువు.

4. నా బరువైన కుట్టుమిషను, కుర్చీల దిళ్ళు కుట్టేది, మరదలికి. పాత కెమెరా మేనకోడలికి. బాగా తీస్తుంది, నాకంటే బాగా తీస్తుంది. ఒక్క షరతు. ఎవరిని ఫొటో తీసినా, తీశాక వాళ్ళకి చూపించి, ఇది ఎక్కడికి పంపుతున్నావో చెప్పి, వాళ్ళు సరేనంటేనే పంపాలి. ఈ షరతు పెట్టే అర్హత నాకు లేదని కింద చదివితే దానికే తెలుస్తుంది. అందుకే పెడుతున్నాను.

5. షెడ్డు. పరదేశంలో రైలుస్టేషను వెనక వీధి చివర, రొట్టెల దుకాణానికి ఆనుకుని నా పేరు మీద ఉన్న స్థలమూ, అందులోని రేకుల షెడ్డూ, పక్కనున్న రెండు గదులూ, గుమ్మం ముందర కుర్చీలు ఎక్కే వాలుదారీ, లోపలి వెల్డింగు సామానూ, పైపులూ, చక్రాలూ, నట్లూ బోల్టులూ ఒక్కటీ మినహాయించకుండా అన్నిటినీ, నా తదనంతరం, అక్కడ పనిచేస్తున్న పంతొమ్మిది మంది కుర్చీల సంఘానికి, సర్వహక్కులతో, తరతరాలు అనుభవించేటట్లుగా దఖలు పరుస్తున్నాను. సంఘం తరఫున స్వాధీనం చేసుకోవాల్సింది ఆ సంఘానికి పెద్ద అయిన కొలతమ్మ. అక్కడి భాషలో, అక్కడి చట్టప్రకారం రాయించిన ప్రతి కూడా దీనికి జతచేశాను.

ఆ పంతొమ్మిది మందిలో పదమూడు మందికి కాలో, చెయ్యో, చూపో, వినికిడో లేదు. మిగిలిన ఆరుగురు చదువు మానేసి స్టేషను చుట్టూ తిరుగుతుంటే మా ఆదివారం క్లాసుకి లాక్కొచ్చిన యువకులు. మొదట్లో పాటల కోసం వచ్చారు, తర్వాత వెల్డింగు కోసం ఉండిపోయారు. ప్రభువు ఎవరిని ఏ గుమ్మంలోంచి లోపలికి తెస్తాడో నాకు తెలియదు గనక నేను రెండు గుమ్మాలూ తీసి ఉంచాను.

స్థలం నా పేరు మీదకి ఎలా వచ్చిందంటే, అప్పట్లో ఆ దేశంలో బయటి సంస్థల పేరు మీద స్థలం రాయడానికి వీల్లేదు. రొట్టెల దుకాణం అవ్వ తన గోదాము మాకిస్తూ, "మీ మిషన్ ఎవరో నాకు తెలియదు, నువ్వు తెలుసు" అని నా పేరే రాయించింది. ఇరవై నాలుగేళ్ళు దాని గురించి ఎవరూ అడగలేదు. రెండేళ్ల క్రితం నేను నడుము విరిగి ఇక్కడ చిక్కుకుపోయాక, మా మిషన్ సెక్రటరీ గారికి ఆ షెడ్డు ఒక అతిథిగృహంలా కనిపించడం మొదలుపెట్టింది. స్టేషనుకి దగ్గర, రెండు గదులు, వచ్చేపోయే మిషనరీలు దిగడానికి భేషుగ్గా ఉంటుందట. "అక్కడి పిల్లలను తగిన ఆశ్రమాలకు పంపుదాం" అని కమిటీలో అన్నారట. పిల్లలు ఎవరండీ? కొలతమ్మకి ముప్పై ఎనిమిదేళ్ళు! వెల్డరుకి ఇద్దరు బిడ్డలు! ఆశ్రమంలో మంచాల మీద కూర్చోబెట్టి అన్నం పెడతారట, చేతిలో పని తీసేసి.

నేను పోతే వారసుడు నా తమ్ముడు. అందుకని సెక్రటరీ గారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వరండాలో వాడి భుజం మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి, ఒక కాగితం ఇచ్చారు. మా అక్క తర్వాత ఆ స్థలం మిషన్ తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని ఉంది అందులో. వాడు పాటల పుస్తకం కింద పెట్టుకుని సంతకం చేసేశాడు. ఎందుకు చదవలేదురా అంటే, "ప్రార్థన చేసి ఇచ్చారక్కా, వెంటనే చదవడం మొదలుపెడితే నమ్మనట్టుంటుందని..." అన్నాడు. ఈ తప్పు మా చర్చి సంఘంలో వాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చేయరు. కోపం వచ్చింది గానీ పట్టుమని పది నిమిషాలు నిలవలేదు, ఎందుకంటే అదే తప్పు నేను అంతకంటే పెద్దగా చేశాను.

అది కూడా ఇక్కడే రాస్తాను. షెడ్డు ఎందుకు పుట్టిందో తెలియకపోతే ఎవరికి చెందాలో అర్థం కాదు.

ఇరవై ఏడేళ్ల క్రితం ఇక్కడి మన చర్చి సంఘాలన్నీ కలిసి ఓడలో నలభై చక్రాల కుర్చీలు పంపాయి. అన్నీ ఒకే కొలత, దిట్టమైన మగవాళ్ళు కూర్చునేవి. మేం పాటలు పాడాం, ప్రార్థన చేశాం, ఒక్కొక్కరినీ ఎత్తి కూర్చోబెట్టాం, ఫొటోలు తీశాం. అందులో పదకొండేళ్ల అమ్మాయి ఒకతె. పుట్టుకతో నడుము కింద స్పర్శ లేదు. కుర్చీలో ఒక పక్కకి జారిపోతుంటే నేను ఒక దిండు కుక్కి, నవ్వమన్నాను. నవ్వింది. ఆ ఫొటో ప్రార్థన లేఖతో, అంటే ఇక్కడి సంఘాలకి మేం రాసే కబుర్ల ఉత్తరంతో, ఇంటికి పంపాను, ఈమె జీవితం మారిపోయింది అని కింద రాసి. మారిపోయింది, నిజమే. వంకరగా కూర్చుని కూర్చుని ఆరు వారాల్లో తుంటి కింద పుండు పడింది. నొప్పి తెలియదు కాబట్టి చెప్పలేదు. ఎముక కనిపించేదాకా ఎవరూ చూడలేదు. ఎనిమిది నెలలు ఆసుపత్రిలో బోర్లా పడుకుంది. ఆ ఎనిమిది నెలల్లో నేను నాలుగు ప్రార్థన లేఖలు రాశాను. ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. మంచి వార్తలే రాయాలని మాకెవరూ చెప్పలేదు, కానీ అందరం అలాగే రాస్తాం.

బోర్లా పడుకున్న పిల్లకి పొద్దుపోవడానికి నా దగ్గరున్న టైలరు టేపు ఇచ్చాను. ఆ పిల్ల అందినదల్లా కొలిచింది. మంచం అంచు, మందుసీసా, నర్సు మణికట్టు, నా చెయ్యి. ఒక రోజు నేను వెళ్ళేసరికి చిన్న కాగితం మీద రెండు అంకెలు రాసి చూపించింది. కుర్చీ సీటు పద్దెనిమిది అంగుళాలు, తన నడుము వెడల్పు పది. నా జన్మలో అంత గట్టి ప్రసంగం నేను వినలేదు.

ఆ పిల్లే కొలతమ్మ. ఆ పేరు నేనే పెట్టాను. ఆ నలభై కుర్చీలూ విప్పి, కోసి, మనుషులకి సరిపోయేలా మళ్ళీ అతకడానికే ఆ గోదాము అడిగాం. అప్పటినుంచి ఇప్పటిదాకా మనిషిని పదకొండు చోట్ల కొలవకుండా షెడ్డులోంచి ఒక్క కుర్చీ బయటికి వెళ్ళలేదు. నేను చేసింది నలభై తప్పులు, ఆమె నిలబెట్టింది ఆరువందల పన్నెండు కుర్చీలు. కాబట్టి ఆ షెడ్డు నేను ఆమెకి దానం చేయడం లేదు. ఎవరిది వాళ్ళ పేరు మీద రాస్తున్నాను, అంతే.

6. పైన చెప్పిన ఫొటో మిషన్ ఆఫీసు హాల్లో ఇరవై ఏడేళ్లుగా గోడకి వేలాడుతోంది, రెండుసార్లు క్యాలెండరు మీదకి కూడా ఎక్కింది. దాన్ని దించి కొలతమ్మకి పంపాలి. చింపుతుందో దాస్తుందో ఆమె ఇష్టం. ఐదో అంశంలో ఫొటో గురించి రాసిన పేరాని వార్షిక సమావేశంలో పైకి చదవాలి. నేను బతికుండగానే చదవాలి, ఈ సంవత్సరమే. టీ ఇచ్చాక అయితే ఎవరూ వినరు కనుక టీకి ముందు చదవాలి.

7. హార్మోనియం వెల్డరుకి. అతనికి పుట్టుచెవుడు. సెక్రటరీ గారు ఇది చదివి కళ్ళజోడు సవరించుకుంటారని తెలుసు. ప్రతి ఆదివారం మేం పాడుతుంటే అతను వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. పాట ఆగగానే మాకంటే ముందు ఆమేన్ అని సైగ చేస్తాడు. మిగతావాళ్ళు నన్ను పొగుడుతారు గానీ నా వాయింపులో తప్పు పట్టుకున్నది అతనొక్కడే, ఎడమ పక్క ఒక రీడు వణుకుతోందని. నిజంగానే వణుకుతోంది.

8. సెక్రటరీ గారికి గోడకి బిగించే ఒక స్టీలు పట్టుకమ్మీ, నాలుగు మరలతో సహా. కొని మరదలి అలమరలో పెట్టాను. మిషన్ ఆఫీసు మేడ మీద స్నానాలగదిలో అది బిగించమని ఆరేళ్లలో మూడు ఉత్తరాలు రాశాను. "ఇంతవరకు ఎవరూ అడగలేదు" అని మూడింటికీ జవాబు వచ్చింది. అక్కడ ఊరంతా వాలుదారులు కట్టించినదాన్ని, సెలవు మీద వచ్చి, ఆ స్నానాలగదిలోనే జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాను. నేల నుంచి ముప్పై రెండు అంగుళాల ఎత్తులో బిగించాలి. ఆయన స్వయంగా బిగించాలి. పానా పట్టుకోవడం రాకపోతే మేనకోడలు నేర్పుతుంది. ఆయన మీద నాకు పగ లేదు అని రాయాలని ఉంది. ఇంకా కొంచెం ఉంది, కమ్మీ బిగించిన రోజు పోతుంది.

ఆ తర్వాత ఆసుపత్రి వాళ్ళు నాకో కుర్చీ ఇచ్చారు. దొరికిన కుర్చీ. ఐదు వారాలకి నాకూ పుండు పడింది, తుంటి కిందే. బోర్లా పడుకుని ఫోను తెప్పించుకుని కొలతమ్మకి చేశాను. ఇరవై ఐదేళ్లలో మొదటిసారి, నన్ను క్షమించు అని అడిగాను. "పుండు ఎంత వెడల్పుంది అక్కా? సీటు ఎంత?" అంది. చెప్పాను. "ఆ కుర్చీ ఇంక ఎక్కొద్దు. బోర్లానే పడుకో. ఎనిమిది నెలలు పట్టదులే, నీకు తిప్పేవాళ్ళున్నారు" అంది. అప్పుడు ఏడ్చాను. ఇద్దరం ఏడ్చాం. ఫోను బిల్లు ఎవరు కట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

9. మా మిషన్ మాటల్లో పిలుపు అని ఒకటుంది. పనిస్థలం నుంచి పిలుపు వస్తేనే మనిషిని పంపుతారు. ఆరోగ్యం బాగోలేదని నన్ను విశ్రాంతిలో పెట్టేశారు. సాగనంపు సభ జరిపి ఒక శాలువా కూడా కప్పారు. మొన్న చలికాలం కొలతమ్మ దగ్గర్నుంచి కమిటీకి ఉత్తరం వచ్చింది. కొత్తగా కుర్చీ ఎక్కినవాళ్ళకి ధైర్యం చెప్పడానికి కుర్చీ ఎక్కిన మనిషి కావాలి, పానా అక్కని పంపండి, ఆమె నా కింద పనిచేయాలి అని. నా కింద! అరవై తొమ్మిదేళ్లకి నాకు ఉద్యోగం వచ్చింది! సెక్రటరీ గారు కుదరదన్నారు. ఆఫీసు టైపిస్టమ్మ నియమాల పుస్తకం తెచ్చి, పిలుపు వస్తే వయసు అడ్డు కాదు అని ఉన్న పేజీ తెరిచి, ఆయన బల్ల మీద పెట్టి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి తన సీట్లో కూర్చుంది.

నాకు వేరుగా వచ్చిన ఉత్తరంలో ఐదే మాటలున్నాయి. "పదకొండు కొలతలు పంపు. ఫొటో వద్దు."

కొలవడానికి తమ్ముడు ముందుకొచ్చాడు. నలభై ఏళ్లుగా టైలరు, ఇంకెవరు కొలుస్తారు? ఈ బల్ల పక్కనే కూర్చోబెట్టి, నాలుక బయటపెట్టి, పదకొండూ కొలిచి రాసిచ్చాడు. నేను గర్వంగా పంపించాను. మూడు వారాలకి జవాబు. "కొలిచింది ఎవరు, టైలరా? అన్నీ అర అంగుళం ఎక్కువున్నాయి." తెల్లబోయాం. వాడు అలవాటు కొద్దీ బట్టకి వదిలినట్టు ప్రతి కొలతకీ లూజు కలిపేశాడు! నా ఎముకలకి లూజు! ఆమెకి ఎలా తెలిసిందంటే, షెడ్డు పెట్టిన కొత్తలో పిల్లలంతా కొలవడం నా మీదే నేర్చుకున్నారు. కొలతల పుస్తకం మొదటి పేజీ నాదే. "మోకాలి నుంచి మడమ దాకా ఎముక ఇరవై ఆరేళ్లలో అర అంగుళం పెరగదు అక్కా. మళ్ళీ కొలిపించు" అని రాసింది. తమ్ముడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత మేనకోడలిని పక్కన నిలబెట్టుకుని, టేపు బిగించి పట్టుకుని, లూజు లేకుండా కొలిచాడు.

ఆసుపత్రిలో ఆ పిల్లకి నేనిచ్చిన టేపు నిజానికి తమ్ముడిది. ముప్పై ఎనిమిదేళ్ల క్రితం ప్రయాణం హడావుడిలో ఈ షాపులోంచే పట్టుకుపోయాను. వాడు ఇప్పటికీ అడుగుతాడు. మొదటి మూడంగుళాలు చెరిగిపోయాయి, పది దగ్గర పెట్టి కొలిచి తర్వాత పది తీసేయాలి. హక్కు ప్రకారం అది వాడికే చెందాలని రాద్దామనుకున్నాను. నిన్న అడిగితే, "కొలతమ్మ దగ్గరే ఉండనీ అక్కా, నా దగ్గరుంటే మళ్ళీ లూజు కలుపుతాను" అన్నాడు. కాబట్టి టేపు కొలతమ్మకి.

ఇక్కడిదాకా రాసి చూసేసరికి షాపులో తమ్ముడు లేడు. యూనిఫారాలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు నలుగురు బెంచీ మీద ఎదురుచూస్తున్నారు. ఒంటిగంట దాటాక వచ్చాడు, చెమటలు కక్కుతూ, చేతిలో కాగితంతో. ఇంతకీ వాడు వెళ్ళింది మిషన్ ఆఫీసుకి. తన సంతకం తనకి ఇచ్చేయమన్నాడట. "మీరు ఇష్టపడే కదా పెట్టారు" అన్నారట సెక్రటరీ గారు. సంఘంలో పెద్దల ముందు గొంతెత్తి ఎరగనివాడు, నా తమ్ముడు, ఆఫీసు మధ్యలో నిలబడి, "కొలవకుండా కత్తిరించానండీ. గుడ్డ పాడైతే టైలరే పెట్టుకోవాలి. ఇచ్చేయండి" అన్నాడట. ఇచ్చేశారు. ఇప్పుడే నా ఎదురుగా పెద్ద కత్తెరతో ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. చట్టప్రకారం అవసరం లేదని లాయరు గారు అన్నా సరే, ఆ నాలుగు ముక్కలనూ దీనికి గుండుసూదితో గుచ్చుతున్నాను. నా జీవితంలో నాకు ఎవరూ ఇంత మంచి బహుమతి ఇవ్వలేదు. షెడ్డు భద్రం!

10. ఇక నా శరీరమూ, నా కుర్చీ. శరీరం ఎక్కడ పడితే అక్కడే, ఆ ఊరి మట్టిలోనే పెట్టండి. ఓడలూ విమానాలూ ఎక్కించి తీసుకురావద్దు, ప్రభువుకి రెండు ఊళ్ళూ తెలుసు. ఆర్భాటాలు వద్దు. వెల్డరు సైగ చేసేదాకా పాట ఆపకండి.

కుర్చీ సంగతి వేరు. ఆరువందల పదమూడో నంబరు కుర్చీ షెడ్డులో తయారై నా కోసం ఎదురుచూస్తోంది. నీలం రంగు వేశారట. సీటు నాకు సరిగ్గా సరిపోతుందట, వెంట్రుకవాసి తేడా లేకుండా. ఎల్లుండి నేను అందులో కూర్చుంటాను. రెండేళ్ల తర్వాత తిన్నగా కూర్చుంటాను! కానీ అది నా ఆస్తి కాదు, నాకు వాడుకోవడానికి ఇచ్చింది. అందుకని నేను పోయాక దాన్ని నాతో పాతిపెట్టకూడదు. మిషన్ హాల్లో దండ వేసి, పేరు చెక్కించి పెట్టనే కూడదు. కడిగి, ఆరబెట్టి, దిండు మార్చి, జాబితాలో నా తర్వాత ఎవరుంటే వాళ్ళకి ఇవ్వాలి.

ఇచ్చే ముందు మాత్రం ఆ మనిషిని కొలవండి. పదకొండు చోట్ల. లూజు కలపకుండా.

పై అంశాలన్నీ నేను స్వయంగా రాసి, చదువుకుని, మరదలు చదివి రెండు చోట్ల "ఇదేంటి" అని అడిగాక దిద్ది, సాక్షుల ఎదుట సంతోషంగా సంతకం చేశాను. సాక్షులకి ఏమీ రాయకూడదని లాయరు గారు చెప్పారు కాబట్టి టైపిస్టమ్మకి ఒక ముద్దు మాత్రం ఇచ్చాను. అది ఆస్తి కిందికి రాదట.

తేదీ: ఫిబ్రవరి పదిహేడు, మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర
స్థలం: తమ్ముడి టైలరు షాపు, కత్తిరించే బల్ల

సంతకం:
పానా అక్క
కొలతల పుస్తకం, మొదటి పేజీ

సాక్షులు:
1. ఎముకల డాక్టరు
2. మిషన్ ఆఫీసు టైపిస్టు